విశ్రాంతిలో ఉన్నవాడికి ఫోన్ చేయరాదు

ఫిబ్రవరి 4

నిద్ర సరిగ్గా పట్టనివాళ్ళు మనసులో ఉన్నది రోజూ కాగితం మీద పెట్టాలని ఒక పత్రికలో చదివాను. ఎవరో ప్రయాణికుడు సీటు జేబులో వదిలేసిపోయిన పత్రిక. ఇలాంటి సలహాలు రాసేవాళ్ళు రోజూ తొమ్మిదింటికి దుప్పటి కప్పుకునే రకం అయి ఉంటారు. అయినా ఈ డైరీ ఎలాగూ ఖాళీగా పడి ఉంది. కంపెనీ ఏటా పైలట్లందరికీ ఒక డైరీ ఇస్తుంది. సెలవు అడిగితే మాత్రం దానికి చెవుడొస్తుంది.

నాకు నిద్ర పట్టకపోవడం అంటూ ఏమీ లేదు. మధ్యలో మెలకువ వస్తోంది, అంతే. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటే ఎవరికైనా వస్తుంది.

మా ఆవిడ మోకాలి నొప్పికి వైద్యం కోసం అమ్మాయి ఇంటికి వెళ్ళింది. అక్కణ్ణుంచి డాక్టరు దగ్గరికి నడిచి వెళ్ళిపోవచ్చట. మోకాలు నొప్పిగా ఉన్న మనిషి నడిచి వెళ్ళడం ఏమిటని అడగబోయి ఊరుకున్నాను. నాలుగు రోజుల్లో వస్తానంది. మూడు వారాలైంది. మోకాళ్ళ సంగతి అంతే, ఒక పట్టాన తెమలవు.

ఫిబ్రవరి 6

ఇవాళ మధ్యాహ్నం విమానం దిగి వచ్చేసరికి ద్వారం దగ్గర సర్దుబాటు మాటు వేసి ఉన్నాడు.

సర్దుబాటు స్కెడ్యూలింగ్ ఆఫీసుకి పెద్ద. ఏ పైలట్ ఏ విమానం నడపాలో, ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పడుకోవాలో ఆ ఆఫీసు నిర్ణయిస్తుంది. అందులో కూర్చున్నవాళ్ళలో ఒక్కడూ బొమ్మ విమానం కూడా ఎగరేసి ఉండడు. అతనికి ఆ పేరు నేనే పెట్టాను. అతని నోట్లోంచి వచ్చే మొదటి మాటా చివరి మాటా ఒకటే: "కొంచెం సర్దుకోండి సార్."

మా డ్యూటీ అయిపోయినా, విమానాశ్రయం గేటు దాటేలోపు ఫోన్లో దొరికామంటే ఇంకో ట్రిప్పు అంటగట్టే హక్కు వాళ్ళకుంది. నోటిమాటగా చెప్తే చెల్లదు. రికార్డయ్యే లైన్లోనే చెప్పాలి. లేకపోతే రేపు అడిగితే నేనలా అనలేదంటారని ఆ నిబంధన నేనే రాయించాను. అందుకని మా వాళ్ళు విమానం ఆగీ ఆగకముందే ఫోన్లు కట్టేసి, జామకాయలు కోసిన పిల్లల్లా వెనక మెట్ల మీంచి జారుకుంటారు. నేనలా జారుకోను. టోపీ పెట్టుకుని ముందు ద్వారంలోంచే వస్తాను.

సర్దుబాటు తన ఫోన్ నా ముందుకి చాపాడు. "సార్, ఆఫీసు లైను. మీకే."

"నా చేతులు ఖాళీగా లేవు," అన్నాను. ఒక చేతిలో పెట్టె. రెండో చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

"చెవి దగ్గర నేను పెడతాను సార్."

"చెవి నాది. దాన్ని ఎవరికి ఇవ్వాలో నేను చూసుకుంటాను."

నేను నడుస్తూనే ఉన్నాను. అతను ఫోన్‌ని హారతి పళ్ళెంలా రెండు చేతులా పట్టుకుని నా పక్కన పరుగు. ఆ ఫోన్లోంచి ఎవరో "హలో సార్, హలో సార్" అంటూనే ఉన్నారు. టికెట్ల వరసలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. గేటు దాటి రెండడుగులు వేశాక ఆగి, ఫోన్ అందుకున్నాను. "గేటు బయట నుంచి మాట్లాడుతున్నాను, చెప్పండి," అన్నాను. అవతల ఫోన్ పెట్టేశారు. సర్దుబాటుకి ఫోన్ ఇచ్చేసి థాంక్స్ కూడా చెప్పాను.

ఇంటికొచ్చి ఇది చెప్పడానికి ఎవరూ లేకపోయారు. చెప్తే మా ఆవిడ పడీ పడీ నవ్వేది.

ఫిబ్రవరి 7

గుడ్లు ఉడకబెట్టుకున్నాను. ఒకటి పేలింది. మిగతావి తిన్నాను.

ఫిబ్రవరి 11

పైలట్ల సంఘం తరఫున కంపెనీతో కూర్చుని పని నిబంధనలు రాయించినవాళ్ళలో ఇంకా విమానం నడుపుతున్నది నేనొక్కణ్ణే. మా వాళ్ళు వెనకాల నన్ను రూల్ బుక్ అంటారు. మొహం మీదే అనొచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

ఆ పుస్తకంలో నాకు బాగా ఇష్టమైనది అలసట నిబంధన. అది రాకముందు ఎలా ఉండేదో ఈ కొత్తవాళ్ళకి తెలీదు. పైలట్ ఫోన్ చేసి "అలిసిపోయాను, నడపలేను" అనగానే అవతల స్కెడ్యూలరు డాక్టరైపోయేవాడు. ఎందుకు అలిసిపోయారు? ఎప్పట్నుంచి? నిన్న ఏం తిన్నారు? మొహం కడుక్కుని చూశారా? కాఫీ తాగి మళ్ళీ ఒకసారి చెప్తారా? అక్కడితో వదిలేవాళ్ళా? గంట పోయాక సొంత ఫోన్లోంచి చేసేవాళ్ళు. "ఊరికే పలకరిద్దామని సార్. ఇప్పుడెలా ఉంది?" ఒక ప్రబుద్ధుడైతే నేరుగా పైలట్ భార్యకే చేశాడు. "అమ్మా, సార్ నిజంగానే పడుకున్నారా?"

అందుకని పట్టుబట్టి రాయించాను. పైలట్ ఆ మాట అన్నాక స్కెడ్యూలరు అనాల్సింది ఒక్కటే: "సరే, మిమ్మల్ని తప్పిస్తున్నాను, విశ్రాంతి తీసుకోండి." అంతకు మించి ఒక్క ప్రశ్న వేయరాదు. ఆ తర్వాత పన్నెండు గంటలపాటు స్కెడ్యూలింగ్‌లో పనిచేసేవాళ్ళెవరూ, ఏ ఫోన్ నుంచీ, ఏ కారణంతోనూ ఆ పైలట్‌కి ఫోన్ చేయరాదు. అతని ఇంట్లోవాళ్ళ దగ్గర ఆ ఊసెత్తరాదు. "పలకరింపుకైనా సరే" అన్న ముక్క నేనే చేర్పించాను. "ఇది మరీ అతి కదండీ," అన్నాడు కంపెనీ లాయరు. "మీవాళ్ళు అంతకన్నా అతిగాళ్ళు," అన్నాను. సంతకం పెట్టాడు.

ఇంత చేశానుగానీ నేను ఆ నిబంధన ఒక్కసారీ వాడలేదు. వాడాల్సిన ఖర్మ నాకు పట్టలేదు. ఇప్పుడు వాడుతున్నవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. మీసాలు సరిగ్గా రాకుండానే అలిసిపోతారు. నేను పోట్లాడి తెచ్చింది నిజంగా అలిసిపోయినవాళ్ళ కోసం. అలాంటివాణ్ణి ఇంతవరకూ ఒక్కణ్ణీ చూడలేదు.

సర్దుబాటు నామీద కక్ష తీర్చుకుంటున్నాడు. రెండు డ్యూటీల మధ్య కనీసం ఇంత విశ్రాంతి ఉండాలని పుస్తకంలో రాయించాను కదా, ఈ నెల నాకు ప్రతిసారీ సరిగ్గా అంతే ఇస్తున్నాడు. ఒక్క నిమిషం తక్కువుంటే కదా ఫిర్యాదు చేయడానికి! నేను కనీసం అని రాయిస్తే వాళ్ళు ఇంతకి మించి ఇవ్వకూడదని చదువుకున్నారు. చదువు రానివాళ్ళతో ఇదే చిక్కు.

ఫిబ్రవరి 13

మా ఆవిడ ఫోన్ చేసింది. మోకాలు ఎలా ఉందన్నాను.

"ఏ మోకాలు?" అంది. అంతలోనే, "ఆఁ, అదా, ఫర్వాలేదు," అంది.

ఏ మోకాలు నొప్పో కూడా తెలియనంతగా ఉందన్నమాట. పాపం.

"తిన్నారా?" అంది. తిన్నానన్నాను. "ఏం తిన్నారు? నిద్ర పడుతోందా?" అంది. ఆ ఇంట్లో ఉండేసరికి ఈవిడకీ స్కెడ్యూలర్ల ప్రశ్నలు పట్టుబడ్డాయి. పెట్టేశాను.

ఇక్కడైనా రాయాలి కదా. అమ్మాయి స్కెడ్యూలింగ్‌లో చేరింది. మా కంపెనీలోనే. ఆ సర్దుబాటు కిందే. ఎవరైనా అడిగితే కంప్యూటర్ల పని అని చెప్తున్నాను. అబద్ధమేం కాదు, వాళ్ళ బల్లల మీద కంప్యూటర్లుంటాయి.

లెక్కల్లో పెద్ద చదువు చదివింది. ఎక్కడికి వెళ్ళినా కళ్ళకద్దుకుని తీసుకునేవాళ్ళు. భోజనాల దగ్గర ఈ మాట చెప్పింది. నేను మామూలుగానే అన్నాను, కోపంగా కాదు: "పైలట్లం స్కెడ్యూలర్లని ఏమంటామో తెలుసా? గొర్రెల కాపర్లంటాం."

"అయితే నువ్వు గొర్రెవా నాన్నా?" అంది.

అది అలా అన్నందుకు కాదు నాకు మండింది. మా ఆవిడ నవ్వింది. నవ్వడమంటే అలా ఇలా కాదు, నీళ్ళు తాగుతున్నదల్లా పొలమారి, నెత్తి మీద కొట్టుకుంటూ నవ్వింది. ముప్పై ఏళ్ళు ఇన్ని ప్రాణాలు నా చేతుల మీద మోసుకుని తిరిగినవాణ్ణి నేను. నా ఇంట్లో ఉంటూ ఆ పని చేయడానికి వీల్లేదన్నాను.

"చిన్నప్పట్నుంచీ నేను చేస్తున్నది అదే కదా నాన్నా," అంది అమ్మాయి.

నిజమే. స్కూలుకెళ్ళే రోజుల్లో నా డ్యూటీ చార్టు ఫ్రిజ్ తలుపుకి అంటించేది. నేను ఇంట్లో ఉండే రోజుకి ఆకుపచ్చ, ఉండని రోజుకి ఎరుపు. స్కెడ్యూలింగ్ వాళ్ళు చివరి నిమిషంలో మార్చేస్తే ఆకుపచ్చ మీద ఎరుపు దిద్దేది. అది మట్టి రంగులోకి తిరిగేది. కొన్ని నెలలు చార్టంతా మట్టే. "నువ్వెప్పుడొస్తావో చెప్పేవాళ్ళు ఎక్కడుంటారు నాన్నా?" అని అడిగేది. పనికిమాలినవాళ్ళంతా ఒక గదిలో ఉంటారన్నాను. పెద్దయ్యాక ఆ గది వెతుక్కుంటూ పోయింది.

వారం తిరక్కుండా వేరే ఇల్లు చూసుకుంది. ఆ తర్వాతే మా ఆవిడకి మోకాలి నొప్పి వచ్చింది.

ఫిబ్రవరి 16

ఇవాళ స్టాండ్‌బై. అంటే యూనిఫామ్ ఇస్త్రీ చేసి పెట్టుకుని, ఏ పైలటైనా రాకపోతే బదులుగా పిలుస్తారేమోనని ఇంట్లో ఫోన్ పక్కన కూర్చోవడం. ఆ రోజు మాత్రం ఫోన్ ఎత్తి తీరాలి.

మోగింది.

"నమస్కారం కెప్టెన్ గారూ. స్కెడ్యూలింగ్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ కాల్ రికార్డవుతోంది."

అమ్మాయి. నాన్నా అనకుండా అది నాతో మాట్లాడటం అదే మొదలు.

"చెప్పండి," అన్నాను. అది గారూ అంటే నేను మాత్రం ఏమే అంటానా?

మధ్యాహ్నం ఒక విమానం ఉంది, నడపాలంది. కొత్త స్కెడ్యూలరు ఎవరొచ్చినా పరీక్ష పెట్టడం నా అలవాటు. అనకూడని మాట వాళ్ళ నోటితోనే అనిపించి, ఆ రికార్డు పట్టుకుని ఫిర్యాదు పెడతాను. సర్దుబాటు ఈ గోతిలో రెండుసార్లు పడ్డాడు. "ఆలస్యమైతే నా పని గంటలు దాటిపోతాయేమో. కాస్త పొడిగించుకోమంటారా?" అన్నాను. పొడిగించడం కెప్టెన్ ఇష్టం. స్కెడ్యూలరు నోరు తెరిచి అడిగితే తప్పు.

"అది మీ నిర్ణయం కెప్టెన్ గారూ. నేను అడగకూడదు. మూడో అధ్యాయం, పదకొండో నిబంధన."

"పదకొండా, పన్నెండా?"

"పదకొండే. పన్నెండు భోజనం గురించి."

ఎవరో ముందే నూరిపోసి కూర్చోబెట్టి ఉంటారు. పన్నెండు దేని గురించో నేనడిగానా? చెప్పమన్నానా? ఇంత మిడిసిపాటు ఎవరి దగ్గర నేర్చుకుందో తెలీదు.

చివర్లో ఒక్క క్షణం ఆగింది. "ఇంకేమైనా ఉందా కెప్టెన్ గారూ?" అంది.

ఏమీ లేదన్నాను.

సాయంత్రం పుస్తకం తీసి చూశాను. పన్నెండు భోజనం గురించే.

ఫిబ్రవరి 17

సరిగ్గానే పడుకున్నాను. మూడింటి నుంచి లేచే ఉన్నాను, అది వేరే సంగతి.

ఫిబ్రవరి 19

మీసంతో వెళ్ళొచ్చాను. మీసం నా కో-పైలట్లలో ఒకడు. ఇద్దరు పిల్లల తండ్రి. మనిషికన్నా ముందు ఆ మీసమే కాక్‌పిట్‌లోకి వస్తుంది. పని వచ్చు, కాదనను. మర్యాద మాత్రం రాదు.

కిందికి దిగుతున్నప్పుడు చెయ్యి చాపి నా వైపు నాబ్ తిప్పాడు. నా నాబ్! ఎంత ఎత్తుకి దిగాలో ఆ అంకె పెట్టేది నేను. నాకు చెప్పాలి, నేను మార్చాలి. అంతేగానీ చెయ్యి పెట్టేయడమేనా? మా రోజుల్లో కెప్టెన్ నీళ్ళ సీసా ముట్టుకోవాలన్నా అడిగేవాళ్ళం.

దిగాక ఒక్క మాట మాట్లాడలేదు నేను. తెలిసొచ్చి ఉంటుంది.

ఫిబ్రవరి 20

నిన్నటిది పూర్తిగా రాయలేదు. రాసినప్పుడు తొందరలో ఉన్నాను.

కంట్రోల్ వాళ్ళు ఎనిమిది వేల అడుగులకి దిగమన్నారు. నేను ఆరు పెట్టాను. ఎవరైనా పెడతారు. అందుకే కదా కాక్‌పిట్‌లో ఇద్దరు ఉండేది. ఒకడు పొరపాటు పడితే ఇంకొకడు సరిదిద్దుతాడు, అది పద్ధతి. మీసం సరిదిద్దాడు. పద్ధతి పనిచేసింది. ఇందులో రాసుకోవడానికి ఏమీ లేదు.

ఈ పేజీ అనవసరంగా పాడయింది.

ఫిబ్రవరి 21

కంట్రోల్ వాళ్ళు పిలిచినప్పుడు నేను వినలేదు. కళ్ళు మూసుకుని ఉన్నాను. ఏదో ఆలోచిస్తున్నాననుకున్నాను. రెండుసార్లు పిలిచారట. మీసం జవాబు చెప్పి, నా భుజం తట్టి, "ఎనిమిది సార్," అన్నాడు. "ఎనిమిది," అన్నాను. నాబ్ తిప్పాను.

"సార్, ఏం పెట్టారు?" అన్నాడు.

"ఎనిమిది," అన్నాను.

"ఒకసారి చూసి చెప్పండి సార్."

చూశాను. ఆరు అని కనిపిస్తోంది. ఆరు వంక చూస్తూ ఎనిమిది అన్నాను. అప్పుడు చెయ్యి చాపాడు. కింద కొండలున్నాయి. వెనక సీట్లలో జనం పెద్దా చిన్నా కలిపి నిండుగా ఉన్నారు. ఆ రోజు తలుపు దగ్గర ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని ఊపి, "మెత్తగా దింపావయ్యా," అని వెళ్ళాడు.

కార్లు పెట్టేచోట మీసం ఏమన్నాడో అది కూడా రాయలేదు. నేను తాళం తీస్తుంటే వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఇరవై మూడున మళ్ళీ మనిద్దరికే డ్యూటీ."

"అయితే?"

"ఆ రోజు మీరు రాకండి సార్. ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పండి."

"నీ పై అధికారితో మాట్లాడుతున్నావు."

"అందుకే సార్ ఎక్కడా రాయకుండా మీకే చెప్తున్నాను. మీరు చేయకపోతే నేను చేస్తాను. అలిసిపోయాను, రాలేనని చెప్తాను. నా బదులు ఇంకొకణ్ణి మీ పక్కన కూర్చోబెడతారు. వాడు చూసుకుంటాడో లేదో నాకు తెలీదు." కారు తలుపు పట్టుకుని అన్నాడు: "ఎందుకు అలిసిపోయావని నన్నెవరూ అడగరు. మీరు పెట్టించిన రూలే కదా."

కారెక్కి వచ్చేశాను.

ఫిబ్రవరి 22

వాడెవడు నాకు చెప్పడానికి?

సాయంత్రం. హాల్లో అద్దం ముందు నిలబడి "అలిసిపోయాను" అని చూశాను. వినడానికి దరిద్రంగా ఉంది. "కొంచెం అలసటగా ఉంది" అని చూశాను. అది ఇంకా దరిద్రంగా ఉంది. సర్దుబాటు వింటే ఆఫీసంతా టీ పార్టీ చేస్తాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా అనని మాట. రూల్ బుక్ కూడా అలిసిపోయాడట అని వెనక మెట్ల మీద చెప్పుకుంటారు.

చెప్పుకోనీ.

కాదు, రేపు పొద్దున చూద్దాం. నిద్ర పడితే అవసరమే ఉండదు.

ఫిబ్రవరి 23

నిద్ర పట్టలేదు. షర్టు గుండీలు పెట్టుకుంటుంటే పై గుండీ కింది కాజాలోకి వెళ్ళింది. విప్పి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అలాగే వెళ్ళింది. ఎనిమిది అంటూ ఆరు పెట్టిన వేళ్ళే ఇవి. యూనిఫామ్ విప్పి కుర్చీకి తగిలించి, పొద్దున ఏడింటికి ఆఫీసుకి ఫోన్ చేశాను. సర్దుబాటే ఎత్తాలని కోరుకున్నాను. వాడి ముందు తలవంచుకున్నా ఫర్వాలేదనిపించింది.

"నమస్కారం కెప్టెన్ గారూ. స్కెడ్యూలింగ్ నుంచి. ఈ కాల్ రికార్డవుతోంది."

అమ్మాయి.

"మధ్యాహ్నం విమానం నేను నడపలేను," అన్నాను.

"చెప్పండి కెప్టెన్ గారూ."

"అలిసిపోయాను."

అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. ఆ గదిలో వెనకెక్కడో సర్దుబాటు ఇంకెవరికో "కొంచెం సర్దుకోండి సార్" అని చెప్పడం వినిపిస్తోంది. అమ్మాయి ఊపిరి వినిపిస్తోంది. చిన్నప్పుడు ఏడుపు ఆపుకోవడానికి అలాగే ముక్కుతో ఊపిరి పీల్చేది. అది అడగాలనుకుంటున్న ప్రశ్నలన్నీ నాకు తెలుసు. ఎందుకు? ఎప్పట్నుంచి? ఏమైనా తిన్నావా? ఒక్కటీ వదలకుండా అన్నీ కూర్చుని కొట్టించేసినవాణ్ణి నేనే. అయినా అడుగుతుందేమోనని చూశాను. అడిగితే ఈసారి ఫిర్యాదు చేయకపోదును.

"సరే కెప్టెన్ గారూ," అంది. "మిమ్మల్ని తప్పిస్తున్నాను. విశ్రాంతి తీసుకోండి."

ఒక్క మాట ఎక్కువ లేదు. పెట్టేయాల్సింది, పెట్టలేదు. నేనూ పెట్టలేదు. తర్వాత అదే పెట్టింది.

ఇంక పన్నెండు గంటలు అది నాకు ఫోన్ చేయకూడదు. వాళ్ళమ్మకీ చెప్పకూడదు. పలకరింపుకైనా సరే అని చేర్పించిన మహానుభావుడెవడో వాడి మొహం ఒకసారి చూడాలనిపించింది. హాల్లో అద్దం ఎలాగూ ఉంది. చూశాను. గడ్డం మాసి, కళ్ళు గుంటలు పడి, చూడ్డానికి వాడూ అలిసిపోయినట్టే ఉన్నాడు.

నేను చేయొచ్చు. చేయకూడదన్న రూలు వాళ్ళకే గానీ నాకు కాదు. రెండుసార్లు ఫోన్ తీశాను. ఏమని మొదలుపెట్టాలి? సిగ్గేసింది. ఇంకో మాట లేదు, సిగ్గే.

మీసం దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "థాంక్యూ సార్." జవాబివ్వలేదు. తర్వాత ఇచ్చాను: "నాబ్ ముట్టుకున్నందుకు నీకు కూడా." అర్థమైందో లేదో.

మధ్యాహ్నం సోఫాలో ఫోన్ గుండెల మీద పెట్టుకుని పడుకున్నాను. నేను నడపాల్సిన విమానం ఎవరో నడుపుకుంటూ పైనుంచి వెళ్ళింది. ఆ చప్పుడు పూర్తిగా వినకముందే నిద్ర పట్టేసింది. లేచేసరికి కిటికీలో ఎండ లేదు. ఉలిక్కిపడి ఫోన్ చూశాను. ఎవరూ చేయలేదు. ఏడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

జీవితమంతా ఆఫీసు ఫోన్ ఎత్తకుండా తప్పించుకు తిరిగినవాణ్ణి, ఆ పది నిమిషాలు ఫోన్ వంక కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నాను. అది మర్చిపోయిందేమోననుకున్నాను. కోపం తగ్గలేదేమోననుకున్నాను. గొర్రెల కాపరి అన్న మాట ఎవరు మాత్రం మర్చిపోతారు?

సరిగ్గా ఏడింటికి మోగింది. ఆఫీసు నంబరు కాదు.

"నాన్నా," అంది. "పన్నెండు గంటలైపోయాయి. ఇప్పుడు అడగొచ్చా?"

"అడుగు," అన్నాను.

"ఎప్పట్నుంచి నిద్రపోవట్లేదు?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు.

"మీ అమ్మకి మోకాలి నొప్పి మొదలైనప్పట్నుంచి," అన్నాను.

అమ్మాయి ఫోన్‌కి దూరంగా ఏదో చెప్తోంది. అప్పుడే చెప్తున్నట్టుంది. "పొద్దుట్నుంచీ నీ కడుపులో పెట్టుకున్నావుటే?" అని మా ఆవిడ గొంతు. ఫోన్ చెయ్యి మారింది.

"నా మోకాలికేమీ లేదండీ," అంది. "ఎప్పుడూ లేదు."

"తెలుసు," అన్నాను.

మళ్ళీ అమ్మాయి ఫోన్ తీసుకుంది. వస్తున్నాం నాన్నా అంది.

"ఎప్పుడొస్తారు?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం నాకే వింతగా ఉంది. ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ అది నన్ను అడిగిన ప్రశ్న.

"ఎనిమిదిన్నరకి," అంది.

స్కెడ్యూలర్లు చెప్పే టైము నేనెప్పుడూ నమ్మలేదు. ఇంకా ఎనిమిది కూడా కాలేదు. తలుపు బార్లా తీసి పెట్టి, కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుని కూర్చుని ఇది రాస్తున్నాను.